గోలు వెనక మనిషి

మొన్న మైదానంలో ఫుట్‌బాల్ పోటీ ఉందంటే చూడ్డానికి వెళ్ళాను. పాత ఆటగాణ్ణని ముందు వరసలో కుర్చీ వేశారు. మన ఊరి జట్టు గోలు కొట్టగానే, నా వెనక జనంలోంచి ఎవరో కొండవాళ్ళ పద్ధతిలో పొడుగ్గా కూత వేశారు. చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది. పక్కనున్నవాళ్ళు "పెద్దాయనకి సంతోషం పట్టడం లేదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. అది సంతోషం కాదు. నలభై ఏళ్ళ కిందటి భయం. ఇంటికొచ్చి మంచం మీద వాలినా గుండె దడ తగ్గలేదు.

ఒకప్పుడు మా ఆటల్లో ఆ కూత వేసే మనిషి గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి నేను తాలూకా ఆఫీసులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరి ఏడాది. డ్రిల్లు మేష్టారొకాయన ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాడు. పంతుళ్ళు, గుమాస్తాలు, ప్లీడరుగారి తమ్ముడు, ఎలాగో పదకొండు మందిమి పోగయ్యాం. పంచెలు బిగించి కట్టుకుని, ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళం. నేను పుట్టుపిరికిని. కుక్కని చూసినా, ఆబోతుని చూసినా పరుగే. ఆ పరుగు చూసే మేష్టారు నన్ను ఫార్వర్డుగా పెట్టాడు. సంతనాడు ఆఫీసు అయ్యాక ఆటలు. మొదట్లో ఊరంతా వచ్చేది. అనకాపల్లి వాళ్ళు మమ్మల్ని ఓడించారు. తుని వాళ్ళు ఓడించారు. చివరికి మాకవరపాలెం రైతులు కోతలయ్యాక సరదాకి పోగుచేసుకొచ్చిన జట్టు కూడా ఓడించింది. ఆ తర్వాత జనం పలచబడ్డారు. ప్లీడరుగారు తమ్ముడి ఆట చూడ్డం కూడా మానేశారు.

మానని మనిషి ఒక్కడే. కొయ్యూరు పైన ఎక్కడో కొండల్లోంచి చింతపండూ అడ్డాకులూ కావిట్లో పెట్టుకుని సంతకి దిగేవాడు. సరుకు అమ్ముడవగానే ఖాళీ కావిడి భుజానేసుకుని తిన్నగా మైదానానికి వచ్చేవాడు. గీత పక్కన కూర్చుంటే ఎవరైనా లేవమంటారని కాబోలు, మా గోలు వెనకాలే గొంతుక్కూర్చునేవాడు. నలభై దాటిన మనిషి. బక్కపలచన. ఒక చెవి తమ్మె చిరిగి ఉండేది. చెవి వెనక ముట్టించని చుట్ట. మేం గోలు కొడితేనే దాన్ని ముట్టించేవాడు. అందుచేత ఎన్నో సంతలు ఆ చుట్ట ఎలా దిగిందో అలాగే కొండెక్కిపోయేది.

ఆట నియమాలు ఆయనకి పూర్తిగా ఒంటబట్టలేదు. ఆఫ్‌సైడ్ అని రిఫరీ ఈల వేస్తే ఒప్పుకునేవాడు కాదు.

"ముందుకెల్తే తప్పేటి బాబూ? ఏటకెల్తే ముందున్నోడే కదా కొడతాడు!"

మా గోల్‌కీపరు పోస్టాఫీసు గుమాస్తా, కాస్త స్థూలకాయుడు. బంతి ఆయన్ని దాటి వెళ్ళినప్పుడల్లా వెనక నుంచి ఈ కొండమనిషి మెల్లిగా ఓదార్చేవాడు. "పోన్లెండి బాబూ. బంతి మీకన్నా బేగి ఒచ్చీసింది, మీరేటి సేత్తారు." గోల్‌కీపరుకి ఆ ఓదార్పు గోలు కన్నా ఎక్కువ మండేది.

మేం గోలు కొట్టినప్పుడు మాత్రం లేచి నిలబడి, అరచెయ్యి నోటి పక్కన పెట్టి, పొట్టలోంచి కూత వేసేవాడు. మూడు విరుపుల కూత. అది మైదానం దాటి, ఊరు దాటి వెళ్ళేది. సంతలో ఎడ్లు చెవులు రిక్కించేవి. కొండల్లో వేటకి జంతువు పడిందని ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీద వాళ్ళకి చెప్పే కూత అదేనట.

ఒకసారి తుని వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడి, నేను గోలు పక్కన కూలబడి ఉంటే దగ్గరికొచ్చి, అడక్కుండానే నా పాదం ఒళ్ళో పెట్టుకుని విరిగిన ముల్లు లాగేశాడు. "సగం ఆట నుంచీ సూత్తన్నాను, కుంటతన్నావు" అన్నాడు. తర్వాత నిట్టూర్చి, "మనోళ్ళు ఈపాలి బాగానే పరిగెట్టినారు" అన్నాడు.

మనోళ్ళు! తాలూకా ఆఫీసుకి ఏదైనా పనిబడి వస్తే, మేం ఆయన్ని మెట్ల కింద ఎండలో నిలబెట్టేవాళ్ళం. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. నేను 'నువ్వు' అనేవాణ్ణి, ఆయన 'బాబూ' అనేవాడు. అయినా మేం ఆయనకి మనోళ్ళం. ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గేసింది. పేరేమిటని అడుగుదామనుకున్నాను. వచ్చే సంతకి అడగొచ్చులే అనుకున్నాను.

ఇంతలో పంతొమ్మిది వందల ఇరవై రెండో సంవత్సరం వానాకాలంలో కొండల మీద దొరతనానికి ఎదురుతిరిగి పితూరీ లేచింది. ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయారని కబురొచ్చింది. కొద్ది నెలలకే బయటి రాష్ట్రాల నుంచి పటాలాలు దిగి, మా మైదానం నిండా డేరాలు వేశారు. ఊళ్ళో మాటలు గుసగుసలైపోయాయి. ఎవరు ఎవరికి చుట్టమో, ఎవరు ఎవరితో మాట్లాడారో అని ఒకరినొకరు చూసి భయపడేవాళ్ళం. కొండ దిగే ప్రతివాణ్ణీ దారిలో ఆపి, పేరు అడిగి, మూటలు విప్పి చూసేవారు. సంత సగమైపోయింది.

ఆఫీసులో నాకు కొత్త పని పడింది. కొండ గ్రామాల్లో అనుమానితుల జాబితాలు వచ్చేవి. వాటికి నకళ్ళు రాయాలి. పేరు, తండ్రి పేరు, ఊరు. రోజుకి నాలుగు కాగితాలు, ఐదు కాగితాలు. ఆయన పేరు ఇందులో ఉందేమో అనుకునేవాణ్ణి. ఉన్నా నాకెలా తెలుస్తుంది? పేరు తెలీకపోవడం వల్ల ప్రతి పేరూ ఆయనదే అయ్యేది. రెండు మూడు సంతలకి ఒకసారి ఆయన ఆకుల మోపుతో దిగుతూనే ఉన్నాడు. ఆట లేదని తెలిసీ మైదానం వైపు చూసి, డేరాలు చూసి, వెనక్కి తిరిగేవాడు. ఒకసారి సంతలో ఎదురుపడి నవ్వాడు. పేరు అడగడానికి అదే సమయం. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. పేరు తెలిస్తే నేను ఆయన్ని ఎరిగినవాణ్ణవుతాను. అదీ నా భయం.

ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. ఊరి చివర పశువుల కాపరి ఒకడు మందని పిలవడానికి కూత వేశాడు. దారిన పోతున్న సిపాయిలు పదిమందీ ఒక్కసారిగా నేలమీద బోర్లాపడి తుపాకులు ఎక్కుపెట్టారు. వాళ్ళు కుర్రవాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. కొండ దారుల్లో వాళ్ళ మీద తూటాలు పడేముందు గట్టు మీంచి గట్టుకి అలాంటి కూతలే వినబడేవట. కాపరిని ఈడ్చుకెళ్ళి కొట్టారు; అమాయకుడని తేలేసరికి వాడి చెయ్యి విరిగింది. కొట్టిన సిపాయి కూడా వణుకుతున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. భయపడ్డవాడి చేతిలో తుపాకీ ఉంటే ఎలా ఉంటుందో నాకు అప్పుడర్థమైంది.

ఆ వారమే పటాలం దొర దగ్గర నుంచి తాసీల్దారుగారికి కబురు వచ్చింది. మా సిపాయిలకి పొద్దు పోవడం లేదు, మీ ఊరి క్లబ్బుతో ఫుట్‌బాల్ ఆడిస్తాం, సంతనాడు సాయంత్రం అని. కాదనడానికి ఎవరికి గుండెలున్నాయి?

డ్రిల్లు మేష్టారు మమ్మల్ని బళ్ళో కూర్చోబెట్టి తలుపు వేశాడు. "ఓడిపోతే కావాలని ఓడిపోయినామంటారు. గెలిస్తే ఏటంటారో నాకు తెల్దు. అంచేత బాగా ఆడండి, దేవుడి మీద భారం వేసి" అన్నాడు. గోల్‌కీపరు, "నాకు జొరమండీ మేష్టారూ" అన్నాడు. నిజంగానే ఒళ్ళు కాలుతోంది. అయినా ఆడాడు.

నాకున్న భయం వేరు. ఆయన వస్తాడేమో.

ఆ రోజు సగం డేరాలు తీసి మైదానం ఖాళీ చేశారు. ఒక పక్క కుర్చీల్లో దొర, తాసీల్దారుగారు. ఇంకో పక్క గీత పొడుగునా సిపాయిలు, తుపాకులు ఒళ్ళో పెట్టుకుని. ఊరివాళ్ళని పిలిపించి నిలబెట్టారు. రమ్మన్నందుకు వచ్చిన జనం, దగ్గితే కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. నేను మా గోలు వెనక చూశాను. ఎవరూ లేరు. అమ్మయ్య అనుకున్నాను.

సగం ఆటయ్యేసరికి వాళ్ళు ఒక గోలు ముందున్నారు. బూట్ల కాళ్ళు. మా చీలమండలు వాచిపోయాయి. వైపులు మారాం. మారాక మళ్ళీ మా గోలు వైపు చూశాను. లేడు. బంతి నా కాలికి దొరికింది. ఒకణ్ణి తప్పించి, ఇంకొకణ్ణి తప్పించి, వాళ్ళ గోలుకి ఎదురుగా వెళ్ళాను. గోల్‌కీపరు ఒక్కడే ఉన్నాడు, అదీ ఒక పక్కకి జరిగి. తన్నబోతూ తలెత్తాను.

ఆ గోలు వెనక ఆయన, ఎప్పుడొచ్చాడో. గొంతుక్కూర్చున్నవాడు లేస్తున్నాడు. అరచెయ్యి నోటి దగ్గరికి పోతోంది. ఆయనకి పదడుగుల దూరంలో నలుగురు సిపాయిలు.

నా కాలు ఎలా తిరిగిందో నాకు తెలీదు. కావాలనే పక్కకి తన్నానా, భయానికి తప్పిపోయిందా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. బంతి గోలుకి చాలా ఎడంగా పోయి ఆయన దగ్గరే ఆగింది. సిపాయిలు గొల్లున నవ్వారు. బంతి తెస్తానని నేను పరుగెత్తాను. ఆయన దాన్ని రెండు చేతుల్తో ఎత్తి నాకందించాడు.

"బయపడ్డావా బాబూ?"

"నువ్వెందుకొచ్చావు? కూత వేస్తే కాల్చేస్తారు. వెళ్ళిపో."

ఆయన సిపాయిల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నాను అరవను. ఒట్టు. నువ్వు మాత్రం తన్ను" అన్నాడు.

ఆ తర్వాత ఆట ఎలా ఆడానో సరిగా గుర్తు లేదు. కాసేపటికి డ్రిల్లు మేష్టారు పక్క నుంచి బంతి గాల్లోకి లేపాడు. నా నుదుటికి తగిలి లోపలికి వెళ్ళింది. గోలు. మూడు వందల మంది ఊరివాళ్ళు ఊపిరి బిగబట్టి దొర మొహం కేసి చూస్తున్నారు. నేను గోలు వెనక్కి చూశాను. ఆయన తలగుడ్డ ఊడదీసి నోట్లో కుక్కుకున్నాడు. రెండు చేతుల్తో దాన్ని అదిమిపట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. మొత్తం ఊరి సంతోషం ఆయన గొంతులో ఇరుక్కుపోయినట్టుంది.

వాళ్ళ గోల్‌కీపరే ముందు చప్పట్లు కొట్టాడు. కుర్రవాడు, నవ్వుతూ. తర్వాత దొర కొట్టాడు. అప్పుడు ఊరు కొట్టింది. ఆట ఒకటికొకటితో సమానమై ముగిసింది. అంతకన్నా మంచి ఫలితం ఎవరూ కోరుకోలేరు. మేష్టారు నా భుజం తట్టి "బతికినాం" అన్నాడు.

ఆ మాట పూర్తి కాలేదు. గోలు దగ్గర గలభా. ఒక సిపాయి ఆయన జబ్బ పట్టుకుని ఈడ్చుకొస్తున్నాడు. నోట్లో గుడ్డ కుక్కుకున్న కొండమనిషిని చూసి, వీడెవడికో సైగ చేస్తున్నాడని అనుమానించాడు. తీసుకొచ్చి దొర కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. తలగుడ్డ మెడకి వేలాడుతోంది. దొర చుట్టూ చూసి, కాస్త ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను పిలిచాడు. ఈ మనిషి తెలుసా అని ఇంగ్లీషులోనే అడిగాడు.

తెలీదు అంటే నాకేమీ కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మా క్లబ్బు మనిషండి" అన్నాను. "ప్రతి ఆటకీ వస్తాడు."

"పేరు?"

ప్రతి ఆటకీ వచ్చే మనిషి పేరు నాకు తెలీదు. కొండవాళ్ళ పేరు ఏది చెప్పినా అది నా చేత్తో రాసిన జాబితాలో ఉండొచ్చు. నా తలలో ఆ జాబితా తప్ప ఇంకేం లేదు. నోరు తెరిస్తే మా నాన్నగారి పేరు వచ్చింది. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన సంస్కృత పండితుడు. నా ఇంగ్లీషు ముక్కల మధ్య ఆ పేరు ఒక్కటే తెలుగులో మోగింది.

దొర వంగి, తనకొచ్చిన ఒకటి రెండు తెలుగు మాటల్లో ఆయన్నే అడిగాడు. "నీ పేరు?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు కూడా ఆర్పలేదు. తలూపితే దొర చూస్తాడు. తర్వాత ఆయన మా నాన్నగారి పేరు, చివర 'శాస్త్రి'తో సహా, ఒక్క అక్షరం తప్పకుండా పలికాడు.

తాసీల్దారుగారికి మా నాన్నగారు బాగా తెలుసు. ఆయన తన చేతికర్ర పొన్నుని చూసుకుంటూ ఉండిపోయారు. దొర ఆ పేరు పుస్తకంలో రాయించి, కింద నా చేత సంతకం చేయించాడు, ఈ మనిషికి నాది పూచీ అని. ఆయన్ని వదిలేశారు. ఆయన వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. పరుగెత్తకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో నాకు ఆయన మడమల్లో కనిపించింది.

మర్నాడు తాసీల్దారుగారు గదిలోకి పిలిచారు. "మీ నాన్నగారు పోయి ఎన్నాళ్ళయిందోయ్?"

"నాలుగేళ్ళండి."

"హుఁ. మంచివారు. మళ్ళీ ఎప్పుడూ ఆయన్ని ఇబ్బంది పెట్టకు" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆయన కనబడలేదు. నేను ఎలా బతికానో చెబితే నన్ను నేనే అసహ్యించుకోవాలి. నా సంతకం పటాలం పుస్తకంలో ఉంది. ఆయన నిజంగా పితూరీదార్లలో కలిసి ఉంటే? నాకేం తెలుసు, ముల్లు తీశాడన్నది తప్ప? బూట్ల చప్పుడు వినబడితే కలం ఆగిపోయేది. చచ్చినవాళ్ళ జాబితాలు రాసేటప్పుడు, ఇందులో ఆయన ఉంటే బాగుండును, నా పీడ విరగడవును అని కూడా అనుకున్నాను. అనుకుని, ఇంటికెళ్ళి అన్నం ముద్ద మింగలేకపోయాను.

పితూరీ అణిగింది. పటాలాలు వెళ్ళిపోయాయి. డేరా గుంజల గుంటలు పూడ్చుకుని మేం మళ్ళీ ఆట మొదలుపెట్టాం. మొదటి పోటీ తుని వాళ్ళతోనే. ఐదు గోల్స్ తేడాతో ఓడిపోయాం. నాలుగో గోలు పడ్డాక మా గోల్‌కీపరు వెనక్కి తిరిగి, "నువ్వా! వచ్చినావా!" అని అరిచాడు.

నేను ఆయన్ని చూసి ముందు చేసిన పని, చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని చూడ్డం. తర్వాతే పరుగెత్తాను. ఆయన సగమయ్యాడు. పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి.

"ఆ రోజు నాకు పెట్టినావే బాబూ, ఆ పేరు ఎవుల్ది?" అన్నాడు మొదటి మాటే.

"మా నాన్నగారిది."

"ఉన్నారా?"

"లేరు. అప్పటికే పోయారు."

ఆయన చెంపలు వేసుకున్నాడు. "సచ్చిపోయినోరి పేరని తెలిస్తే ఇంకా బయపడిపోదును. నన్ను రోడ్డు పనికి తోలుకెల్లినారు బాబూ. దొర పుస్తకంలో ఉందని అక్కడా అదే పేరు రాసినారు. మేస్త్రి పిలిస్తే ఒకోపాలి పలికీవోణ్ణి కాదు. నా పేరు కాదు కదా, బేగి ఇనపడదు. పలకనేదని కొట్టీవోడు."

వీపు చూపించలేదు. నేను అడగలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. క్షమించమనడం ఎలాగో మాకు ఎవరూ నేర్పలేదు, మెట్ల కింద నిలబడే మనిషిని. "నీ అసలు పేరేమిటి?" అన్నాను. ఆయన చెప్పాడు. చిన్న పేరు. నా చేత్తో రాసిన కాగితాల్లో అది ఉందో లేదో నాకు గుర్తు లేదు. గుర్తుకు రాదు కూడా. ఇక్కడ మాత్రం రాయను. పేరు కాగితం మీదికి ఎక్కితే మనిషికి ఏమవుతుందో నాకు తెలుసు.

ఆ పొద్దు ఆయనతో కలిసి కొయ్యూరు దారిలో కాలవ దాకా నడిచాను. ఖాళీ కావిడి ఆయన భుజం మీద ఊగుతోంది. ఐదు గోల్స్ తిన్న సిగ్గు నాకింకా పోలేదు.

"ఎప్పుడూ ఓడిపోయే వాళ్ళ కోసం ఇంత దూరం ఎందుకొస్తావు?" అన్నాను.

ఆయన కాలవ గట్టు మీద ఆగాడు. కొండల వైపు చూశాడు.

"మాకాడ ఓడిపోతే మనుసులు పోతారు బాబూ. ఆ ఇల్లు నేదు, ఆ ఊరు నేదు. ఇక్కడ ఓడిపోయినోళ్ళు మళ్ళా సంతకి అందరూ ఒత్తారు. పదకొండుగురూ ఒత్తారు. లెక్కపెట్టుకోడానికొత్తాను" అన్నాడు.

మొలలోతు నీళ్ళలో దిగి అవతలికి వెళ్ళిపోయాడు.

మరుసటి సంతకి మాకు పోటీ లేదు. ఏ ఊరివాళ్ళూ వస్తామనలేదు. డ్రిల్లు మేష్టారి కాళ్ళావేళ్ళా పడి ఆ సాయంత్రం పదకొండు మందినీ మైదానానికి రప్పించాను. గోల్‌కీపరుకి మళ్ళీ జ్వరం, అయినా లాక్కొచ్చాను. మాలో మేమే రెండు పక్షాలుగా విడిపోయి, బంతి కనబడనంత చీకటి పడేదాకా ఆడాం.